మునగ కుటుంబాన్ని మునగకే వదిలేద్దాం

"ఒక్క ప్రజాతికి ఒక కుటుంబమా? దండగ కదా పిన్నీ, ఎందులోనో ఒకదాంట్లో కలిపేస్తే పోలా?" అంది మా అక్క కూతురు. జూనియర్ లెక్చరర్ పరీక్షకి బోటనీ చదువుతోంది. మునగ ఉన్న మొరింగేసీ అన్న కుటుంబం పేరు కింద మొరింగా అన్న ఒకే ఒక్క ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, ఇంగ్లీషులో జీనస్), అందులో 13 జాతులు. అంతే. కుటుంబ లక్షణాలు రాయమన్నా, ప్రజాతి లక్షణాలు రాయమన్నా రాసేది అవే నాలుగు ముక్కలు. ఒకే సంగతిని రెండు పేర్లతో ఎందుకు మొయ్యాలన్నది దాని ప్రశ్న.

పరీక్ష దగ్గరపడ్డ పిల్ల విసుగులే అని ఊరుకుందును. కానీ ఈ మాట చిన్నపిల్లల మాట కాదు. వర్గీకరణ మీద జీవితమంతా పనిచేసినవాళ్లు కూడా ఇదే అంటూ వచ్చారు. ఒకే ప్రజాతి ఉన్న కుటుంబం కొత్తగా ఏమీ చెప్పదు, పేర్ల జాబితా పొడుగు చేస్తుంది తప్ప అని. కుటుంబాలు ఎంత తక్కువుంటే నేర్చుకోవడం అంత తేలిక అని. ఈ వాదనలో న్యాయం ఉంది. అయినా మునగ విషయంలో నేను దీనికి ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో దానికి ఫోన్‌లో కొంత చెప్పాను. మిగతాది తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "తీసేయడం" అన్న దారి అసలు లేదు. పేర్ల నియమావళి ప్రకారం ప్రతి ప్రజాతీ ఏదో ఒక కుటుంబంలో ఉండి తీరాలి. కాబట్టి మునగకి రెండే దారులు. తన కుటుంబం తనకి ఉండాలి, లేదా ఇంకొకరి కుటుంబంలో చేరాలి. చేరాలంటే ఎవరితో? చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

గచ్చకాయ పక్కన

1753లో మొక్కల వర్గీకరణకి ఆద్యుడైన లిన్నేయస్ మునగకి పెట్టిన పేరు గిలాండినా మొరింగా. గిలాండినా అంటే మన గచ్చకాయ ఉన్న ప్రజాతి. అంటే ముళ్ల గచ్చపొదనీ పెరట్లో మునగచెట్టునీ ఆయన ఒకే ప్రజాతిలో పెట్టాడు. చూసిన కంటికి అది అన్యాయంగా ఏమీ అనిపించదు. ఈనె వెంట ఈనె చీలుకుంటూ పోయిన ఆకు, పొడుగాటి కాయ, కాయ నిండా వరసగా గింజలు. చింత, రేల, తంగేడు, అవిసె చూసి పెరిగినవాళ్లకి మునగ కూడా ఆ కోవదే అనిపించడం సహజం. మా వీధి చివర నర్సరీలో మునగ మొక్కకి కట్టిన అట్టముక్క మీద ఇప్పటికీ "చిక్కుడు కుటుంబం" అనే ఉంది. ఆ నర్సరీ అతన్ని అడిగితే, "కాయ చూస్తే తెలియట్లేదా అమ్మా" అన్నాడు.

నిజానికి కాయ చూస్తేనే తెలుస్తుంది, కాదని. చెట్టు మీదే ఎండిపోయిన మునక్కాయ ఒకటి తెచ్చి విరవండి. చిక్కుడు, కంది, పెసర కాయలు ఎండితే రెండు డొప్పలుగా విచ్చుకుంటాయి. మునక్కాయ మూడు బద్దలుగా విచ్చుకుంటుంది. లోపల తెల్లటి మెత్తటి బెండు, అందులో గుంటలు, గుంటకొక గింజ. గింజకి పల్చటి కాగితంలాంటి రెక్కలు, అవీ మూడే. కాయ మూడు ఫలదళాలు (పువ్వులో కాయగా మారే ఆకులాంటి భాగాలు) కలిసి తయారైంది కాబట్టి అంతా మూడు లెక్కన నడుస్తుంది. చిక్కుడు కాయ ఒకే ఫలదళం మడతపడి తయారవుతుంది. అందుకే బఠానీ వొలిచినప్పుడు గింజలన్నీ ఒకే అంచుకి అంటుకుని వస్తాయి. పైకి రెండూ కాయలే, కానీ కట్టడం మొదటి నుంచీ వేరు.

పువ్వు ఇంకా స్పష్టంగా చెబుతుంది. తెల్లారి చెట్టు కింద రాలిన పువ్వు ఒకటి తీసుకుని, గుండుసూదితో విప్పితే చాలు, భూతద్దం కూడా అక్కర్లేదు. రేకులు పది ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఐదు రక్షక పత్రాలు, ఐదు ఆకర్షణ పత్రాలు. రక్షక పత్రాలు కూడా తెల్లగానే ఉండి వెనక్కి వాలిపోతాయి కాబట్టి తేడా తెలియదు. మధ్యలో పుప్పొడి ఉన్న కేసరాలు ఐదు. వాటి సందుల్లో తల లేని ఒట్టి కాడలు. ఒక్కో పరాగకోశానికి ఒకటే అర. చిక్కుడు పువ్వులో కేసరాలు పదీ పనిచేస్తాయి, తొమ్మిది ఒక కట్టగా, పదోది విడిగా. ఇంత తేడా ఉన్న రెంటినీ ఆకు పోలికా కాయ పొడుగూ చూసి ఒకటనుకోవడం కుదరదు. అందుకే మునగ చిక్కుడు కుటుంబంలో నిలవలేదు. అడాన్సన్ 1763లోనే మొరింగా అన్న ప్రజాతి వేరుచేశాడు. 1785లో లామార్క్ మన చెట్టుకి మొరింగా ఒలైఫెరా అని పేరిచ్చాడు. 1820లో రష్యాలో మార్తినోవ్ మొరింగేసీ కుటుంబాన్ని నిలబెట్టాడు. ఈ 1820 గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

హెర్బేరియం అల్మరాలో

వేరని తేలింది, బాగుంది. మరి ఎవరికి దగ్గర? దీనికి జవాబు దొరకడానికి ఇంకో నూట యాభై ఏళ్ల పైనే పట్టింది.

మన కాలేజీల్లో ఇప్పటికీ పాఠం చెప్పే బెంథామ్, హుకర్ వర్గీకరణ 1862 నుంచి 1883 దాకా అచ్చయింది. అందులో వాళ్లు మునగని ఏ సమూహంలోనూ చేర్చలేదు. డిస్కిఫ్లోరే అన్న శ్రేణి చివర, "ఇమడని కుటుంబాలు" అన్నట్టు రెంటిని విడిగా పెట్టారు. ఆ రెంటిలో ఒకటి మునగ. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది ఇక్కడే. తెలియని చోట తెలిసినట్టు ఎక్కడో ఇరికించకుండా పక్కన పెట్టడం పెద్ద నిజాయితీ.

నేను ఎమ్మెస్సీ చదివిన కాలేజీలో హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టి అట్టలకి అంటించిన మొక్కల నమూనాలు, ఆ వరసలోనే ఉండేవి. మామిడి, జీడిమామిడి ఫోల్డర్లు దాటాక పల్చటి మునగ ఫోల్డరు. ఇంకొంచెం ముందుకెళ్తే చిక్కుడు కుటుంబం, దానికి అల్మరాలకి అల్మరాలు. ఆ రెండు మహా కుటుంబాల మధ్య మునగ నలిగిపోయి ఉండేది. చదువుకునే రోజుల్లో మాకు ఆ వరసే చుట్టరికంలా అనిపించేది. మాస్టారు మాత్రం ఆ ఫోల్డరు తీసినప్పుడల్లా, "ఇది ఇక్కడున్నది బంధుత్వంతో కాదు, దీని బంధువులెవరో ఇది రాసినవాళ్లకి తెలియక" అనేవారు. బెంథామ్, హుకర్ పుస్తకాన్ని అంత గౌరవించే మనిషి నోట ఆ మాట వినడం నాకు ఇప్పటికీ గుర్తు.

ఆవ ఘాటు

జవాబు కాయలోనో పువ్వులోనో కాకుండా వాసనలో దొరికింది.

అరటికాయ ఆవపెట్టి వండేటప్పుడు ఏం చేస్తాం? ఆవాలు నానబెట్టి, మిరపకాయ వేసి నూరి, కూర దించాక కలుపుతాం. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆ రుచి రాదు. నూరిన ఆవ ముక్కుకి ఎక్కుతుంది. అదే ఆవాలు పోపులో చిటపటలాడితే ముక్కుకి ఎక్కదు. కారణం ఏంటంటే, ఆవగింజలో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒక చోట, వాటిని విరగ్గొట్టే మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో చోట ఉంటాయి. నీళ్లు పోసి నూరితే రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. వేడి నూనెలో ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు పుట్టదు. మొక్కకి ఇది పురుగులు నమలకుండా కాచుకునే ఏర్పాటు.

ఈ ఏర్పాటు ముల్లంగిలో ఉంది, క్యాబేజీలో ఉంది, పొలం గట్ల మీద మొలిచే వామింటలో ఉంది. బొప్పాయి గింజ కొరికి చూడండి, అచ్చం ఆవ ఘాటే. మునగలోనూ ఉంది. పచ్చి మునగాకు నమిలినా కొంచెం తెలుస్తుంది, వేరు పైపట్టలో అయితే బాగా తెలుస్తుంది. ఈ దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లు మునగ వేరు తురిమి తమ ఊరి హార్స్‌ర్యాడిష్ అనే ఘాటు వేరుకి బదులు మాంసంలోకి నంజుకున్నారు. చెట్టుకి ఆ పేరే పెట్టుకున్నారు కూడా.

1975లో రోల్ఫ్ డాల్‌గ్రెన్ అన్న వృక్షశాస్త్రవేత్త ఒక సాహసం చేశాడు. ఈ ఆవనూనె రసాయనం ఉన్న కుటుంబాలన్నీ అప్పటి పుస్తకాల్లో ఎక్కడెక్కడో చెదిరి ఉండేవి. బొప్పాయి పాషన్ ఫ్లవర్ పక్కన, ఇంకొకటి ఇంకెక్కడో. ఆయన వాటన్నిటినీ ఒకే క్రమంలో, అంటే కుటుంబానికి పైమెట్టులో, చేర్చాడు. పువ్వుల్లో పోలిక లేదు, ఆకుల్లో లేదు, ఒక్క రసాయనం ఆసరాగా ఇంత పని చేస్తారా అని చాలామంది ఒప్పుకోలేదు. 1990లలో జేమ్స్ రాడ్‌మన్, ఆయన సహచరులు జన్యువుల వరసలు పోల్చి చూశారు. డాల్‌గ్రెన్ దాదాపు పూర్తిగా నెగ్గాడు. 1998లో వచ్చిన ఏపీజీ (జన్యువుల ఆధారంగా పూల మొక్కలని వర్గీకరించే శాస్త్రవేత్తల బృందం) వర్గీకరణ ఈ కుటుంబాలన్నిటినీ బ్రాసికేలిస్ అన్న క్రమంలో పెట్టింది. పళ్లుతోముకునే మిస్వాక్ పుల్ల ఇచ్చే చెట్టు కూడా ఇందులోనే ఉంది.

"దాదాపు" అన్నాను. మిగిలిన ఆ కాస్తా ముఖ్యం. పుత్రజీవి చెట్టు మీలో కొందరికి తెలిసే ఉంటుంది, దాని గింజలు దండ గుచ్చి పిల్లల మెడలో వేసేవారు. ఆ చెట్టు కుటుంబంలోనూ ఇదే ఘాటు రసాయనం ఉంది. కానీ జన్యువులు చూస్తే అది ఆవాల వైపు కాదు, ఎక్కడో దూరంగా ఆముదం ఉన్న క్రమంలో తేలింది. అంటే ప్రకృతి ఇదే ఉపాయాన్ని రెండుసార్లు, వేరువేరుగా కనిపెట్టింది. కాబట్టి రసాయనం ఒక్కటే నమ్ముకున్నా మోసపోతాం. కాయ ఒక్కటే చూసి గచ్చకాయతో కలిపినట్టే, ఘాటు ఒక్కటే చూసి పుత్రజీవితో కలిపేవాళ్లం. ఈ ఉదాహరణ నన్ను ఎప్పుడూ జాగ్రత్తగా ఉంచుతుంది.

మునగకి అందరికన్నా దగ్గరి చుట్టం ఎవరన్నది కూడా అప్పుడే తేలింది. బొప్పాయి. మునగ కుటుంబం, బొప్పాయి కుటుంబం ఒకే కొమ్మకి చీలిన రెండు రెమ్మలు.

దానిమ్మ సంగతి వేరు

ఇక్కడే మా అక్క కూతురు గట్టిగా పట్టుకుంది. "దానిమ్మని కలిపేశారుగా పిన్నీ? దానికీ వేరే కుటుంబం ఉండేది. మునగకి మాత్రం ఎందుకంత గారాబం?"

మంచి ప్రశ్న. దానిమ్మకి ప్యూనికేసీ అని సొంత కుటుంబం ఉండేది. అందులో రెండే జాతులు, ఒకటి మనం తినే దానిమ్మ, రెండోది అరేబియా సముద్రంలో సొకోట్రా దీవిలో పెరిగేది. ఇప్పుడు ఆ పేరు పోయింది, దానిమ్మ గోరింట ఉన్న కుటుంబంలో చేరింది. చెరువుల్లో పెరిగే సింగాడాకీ అదే జరిగింది.

కానీ దానిమ్మని ఎందుకు కలపాల్సి వచ్చిందో చూడాలి. జన్యువులు చూస్తే దానిమ్మ గోరింట కుటుంబం పక్కన నిలబడలేదు, లోపల ఉంది. ఆ కుటుంబంలో కొన్ని మొక్కలకి తమ కుటుంబంలోని మిగతావాటికన్నా దానిమ్మే దగ్గర. అలాంటప్పుడు దానిమ్మని బయట ఉంచితే గోరింట కుటుంబం అన్న మాటకి అర్థం ఉండదు. అన్నదమ్ముల్లో ఒకణ్ణి మాత్రం తీసేసి, మిగిలిన వాళ్లూ పినతండ్రి పిల్లలూ కలిసి ఒక ఇల్లు, వాడు ఒక్కడూ పరాయి అన్నట్టుంటుంది. అక్కడ కలపడం అభిరుచి కాదు, తప్పనిసరి.

మునగ అలా లేదు. అది బొప్పాయి కుటుంబం లోపల లేదు, పక్కన ఉంది. మునగని బయట ఉంచినా బొప్పాయి కుటుంబం పూర్తిగానే ఉంటుంది. బొప్పాయిని బయట ఉంచినా మునగ కుటుంబం పూర్తిగానే ఉంటుంది. ఎవరి లెక్కా చెడదు. నేను నమ్మే సూత్రం ఇదొక్కటే. కలపకపోతే ఇంకో కుటుంబం విరిగిపోతుందంటే కలపాలి. విరగదంటే, ఉన్న పేరు జోలికి పోకూడదు.

విరిగే చోట కూడా ఒక్కోసారి రెండు దారులుంటాయి. ఆవాల కుటుంబంలోనే అది జరిగింది. పాత పుస్తకాల్లో ఆవాలు, ముల్లంగి ఒక కుటుంబం. ఆదొండ, వామింట కలిసి ఇంకో కుటుంబం. జన్యువులు చూస్తే వామింట ఆదొండకన్నా ఆవాలకే దగ్గర. పాత గీత నిలవదు. అప్పుడు మూడిటినీ ఒకే పెద్ద కుటుంబంగా కలపొచ్చు, లేదా మూడు కుటుంబాలుగా విడదీయొచ్చు. రెండూ శాస్త్రానికి సమ్మతమే. ఏపీజీ 1998లోనూ 2003లోనూ కలిపింది. 2009లో వచ్చిన మూడో కూర్పులో మూడుగా విడదీసింది. మొక్కలు మారలేదు, వాటి చుట్టరికం గురించి తెలిసిన సంగతీ తలకిందులు కాలేదు. కలిపిన కుటుంబం పొలంలో, అడవిలో పనిచేసేవాళ్ల చేతికి అందలేదు, అంతే. ఆదొండ తీగకీ క్యాబేజీకీ కలిపి ఒక వర్ణన రాయబోతే అందులో గుర్తుపట్టడానికి పనికొచ్చే మాటలు ఎన్ని మిగులుతాయి? కలిపి, పదకొండేళ్లకి మళ్లీ విడదీయడం వల్ల ఎన్ని ఫ్లోరాలు (ఒక ప్రాంతపు మొక్కల పుస్తకాలు), ఎన్ని లేబుళ్లు, ఎంతమంది పిల్లల నోట్సులు తిరగరాయాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు. మునగ జోలికి వెళ్లేముందు ఈ అనుభవం గుర్తుండాలి.

బొప్పాయితో కలిపితే?

అయినా ఆ వాదనని దాని బలంతోనే ఎదుర్కోవాలి. మునగ, బొప్పాయి కలిపి ఒకే కుటుంబం చేస్తే, వాటి దగ్గరితనం పేరులోనే తెలుస్తుంది కదా? ఒక పేరు తగ్గుతుంది, ఒక సంగతి పెరుగుతుంది.

బొప్పాయి కుటుంబంలో ఆరు ప్రజాతులు, ఇంచుమించు 35 జాతులు. మనం తినే బొప్పాయి ఒక్కటే కారికా ప్రజాతిలో మిగిలింది. ఆ కుటుంబంలో రెండు జాతులు ఆఫ్రికాలో ఉన్నాయి, మిగతావన్నీ అమెరికా ఖండాల్లో. సుమారు 3.5 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి సముద్రం దాటి మధ్య అమెరికా చేరాయని ఒక అంచనా. మునగలు ఆఫ్రికా, మడగాస్కర్, అరేబియా చుట్టుపక్కలు, మన ఉపఖండం దాటి సొంతంగా ఎక్కడికీ పోలేదు. అంటే రెండూ విడిపోయి చాలా కాలమైంది. ఈ మధ్యలో ఒకదానికొకటి పోలిక లేనంత మారాయి.

బొప్పాయి గాటు పెడితే పాలు కారతాయి. మునగకి గాటు పెడితే బంక వస్తుంది. బొప్పాయిలో సాధారణంగా మగచెట్టు, ఆడచెట్టు వేరు. మునగలో ప్రతి పువ్వూ రెండూను. బొప్పాయి మగపువ్వు రేకులు కలిసి గొట్టంలా ఉంటాయి. మునగవి విడివిడిగా ఉంటాయి. బొప్పాయి కండ పండు, మునగది ఎండి పగిలే కాయ. చూడగానే తెలిసే పోలిక ఒక్కటుంది, రెంటి కాండమూ మెత్తన. ఎవరినైనా పొగిడి ముంచడాన్ని మనం మునగచెట్టు ఎక్కించడం అంటున్నది దాని కొమ్మ పుటుక్కున విరుగుతుందనేగా. బొప్పాయి మీదికి ఎక్కే ఆలోచన ఎవరికీ రానే రాదు.

ఈ రెంటినీ కలిపితే ఆ కుటుంబాన్ని అడవిలో గుర్తుపట్టే గుర్తేదీ చెప్పలేం. ప్రయోగశాలలో మాత్రమే తెలిసే కుటుంబం అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 1820 గుర్తుంచుకోమన్నాను. బొప్పాయి కుటుంబానికి కారికేసీ అన్న పేరు 1829లో వచ్చింది. కలిపితే ముందు వచ్చిన పేరే నిలవాలి. అంటే బొప్పాయీ దాని మూడు డజన్ల చుట్టాలూ మొరింగేసీ కిందికి రావాలి. 13 జాతులున్న కుటుంబం పేరు 35 జాతులున్న కుటుంబాన్ని మింగేస్తుంది. "అయితే పేరు నెగ్గేది మనదేగా" అని నవ్వింది మా పిల్ల. అలాంటి గెలుపు వల్ల మునగకి ఒరిగేదేమీ లేదు.

వాటి దగ్గరితనం చెప్పడానికి క్రమం ఉంది, శాఖల పటం ఉంది. దాన్ని కుటుంబం పేరులోకి కూడా కుక్కక్కర్లేదు.

ఇక్కడ నా సందేహం ఒకటి దాచకుండా చెప్పాలి. చుట్టరికం ప్రకృతిలో ఉన్నదే, దాన్ని మనం కనుక్కుంటాం. కానీ ఏ కొమ్మని కుటుంబం అనాలో, ఏ కొమ్మని ప్రజాతి అనాలో ప్రకృతి గీత గీయలేదు. ఎంత తేడా ఉంటే వేరే కుటుంబం అన్నదానికి కొలబద్ద లేదు. బొప్పాయికీ మునగకీ ఉన్న తేడా "చాలు" అంటున్నది నేను, ఇంకొకరు "చాలదు" అనొచ్చు, ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. అలాంటప్పుడు నేను మొగ్గేది మూడు వాటి వైపు: రెండొందల ఏళ్లుగా నిలిచిన పేరు, మొక్కని చేత్తో పట్టుకుని పోల్చుకోగలిగే అవకాశం, లోపల ఉన్నవన్నీ నిజంగా ఒకే తల్లి పిల్లలు కావడం. మునగ కుటుంబానికి ఈ మూడూ ఉన్నాయి.

ఒక్క చెట్టు కాదు

"అవే నాలుగు ముక్కలు రెండుసార్లు" అన్న ఫిర్యాదుకి జవాబు ఇంకా మిగిలే ఉంది. అసలు ఆ ఫిర్యాదు మన పెరటి చెట్టు ఒక్కదాన్నే చూసి చేస్తున్నది.

13 జాతుల్లో మన దేశానివి రెండే. మొరింగా ఒలైఫెరా, ఇంకా అడవి మునగ. మడగాస్కర్‌లో రెండు, నమీబియా, అంగోలాల్లో ఒకటి. మిగతా ఎనిమిదీ కెన్యా, ఇథియోపియా, సోమాలియా మొదలు ఎర్రసముద్రపు ఒడ్డులు, అరేబియా దాకా. వాటిలో కొన్ని మనవాటిలాగే సన్నటి చెట్లు. కొన్నిటికి మొదలు ఉబ్బి, నీళ్లు దాచుకున్న పీపాలా ఉంటుంది. కొన్ని చెట్లే కావు, నేలలో దుంప పెట్టుకుని పైకి కాసిన్ని రెమ్మలు వేసే పొదలు. సోమాలియాలో పెరిగే మొరింగా పిగ్మియా అయితే మరీ చిన్నది, బెర్నార్డ్ వెర్డ్‌కోర్ట్ 1985లో దానికి పేరు పెట్టాడు. చాలా కొద్ది నమూనాల వల్లే అది లోకానికి తెలుసు. ఇథియోపియాలో కొన్సో ప్రజలు మొరింగా స్టెనోపెటాలా ఆకుని రోజువారీ కూరగా వండుకుంటారు. ఈ స్టెనోపెటాలా ఎంత వింతగా తోచిందంటే, మొదట వర్ణించినప్పుడు దానికి డోనాల్డ్‌సోనియా అని వేరే ప్రజాతే పెట్టారు.

పువ్వుల్లోనూ ఈ తేడా ఉంది. మన మునగ పువ్వు ఒక పక్కకి ఒరిగినట్టు ఉంటుంది, ఒక రేకు మిగతా నాలుగిటిలా ఉండదు. ఉబ్బిన మొదలున్న జాతుల్లో పువ్వు ఎటు చూసినా ఒకేలా, నక్షత్రంలా ఉంటుంది. మన చెట్టుని ఒక్కదాన్నే చూసి కుటుంబ లక్షణం రాస్తే అది కుటుంబంలో కొన్నిటికి వర్తించదు. మెక్సికోలో మార్క్ ఓల్సన్ అన్న శాస్త్రవేత్త తన పనిలో చాలా భాగం ఈ ఒక్క కుటుంబం మీదే పెట్టాడు. పరిశోధించడానికి అంత సరుకు ఉంది ఇందులో. మడగాస్కర్‌లోని మొరింగా హిల్డెబ్రాంటీ అడవిలో కనుమరుగైందనీ, ఊళ్లలో జనం నాటుకుని పెంచుకోవడం వల్లే బతికుందనీ ఆయనా ఇంకొకరూ కలిసి 2000లో రాశారు.

"అవన్నీ మొరింగా అన్న ప్రజాతి పేరు చెబుతుందిగా" అని మళ్లీ అడిగింది మా పిల్ల. చెబుతుంది. ప్రజాతి పేరు లోపల ఎవరున్నారో చెబుతుంది. కుటుంబం పేరు ఇంకో సంగతి చెబుతుంది, బయట ఇంతకన్నా దగ్గరివాళ్లు లేరని. 35 జాతుల బొప్పాయిల్లో కలిసిపోయిన 13 జాతుల ప్రజాతి పోతే ఒక పెద్ద కుటుంబంలో కొంత తగ్గినట్టు వినిపిస్తుంది. విడిగా నిలిచిన కుటుంబం పోతే, ఒక కొమ్మ మొత్తం నరికేసినట్టు తెలుస్తుంది. జరిగే నష్టం రెండు చోట్లా ఒకటేనని నాకు తెలుసు. కానీ ఏది కాపాడాలో తేల్చేవాళ్లు జాబితాలు చూసి తేలుస్తారు, జాబితాల్లో కనిపించేది పేరే.

మన అడవి మునగ మాటే చూడండి. రాయలసీమ ఎండు గుట్టల మీద ఉంటుంది. ఆకులోని చిట్టాకులు పెరటి మునగవాటికన్నా బాగా పెద్దవి, ఆకు అన్ని మెట్లుగా చీలదు. తెల్లటి పువ్వు మీద ఎర్రటి గీతలుంటాయి. దారిన పోయేవాళ్లు "ఎవరో తిని పారేసిన గింజ మొలిచింది" అనుకుని వెళ్లిపోతారు. మునగ మీద అచ్చయ్యే పరిశోధనలో, పొడుల ప్యాకెట్లలో, పీకేఎం లాంటి సాగు రకాల తోటల్లో దీని ఊసు దాదాపు ఉండదు. 13 మందిలో మన ఇంటివాళ్లు ఇద్దరే అయినప్పుడు, రెండోవాణ్ణి ఇంతగా మరిచిపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇంటర్ పిల్లలకి

మా పిల్ల చివరికి పూర్తిగా ఒప్పుకోలేదు. కొలబద్ద లేదని నేనే అన్నాను కదా, ఆ ఒక్కటి పట్టుకుని కూర్చుంది. పట్టుకోనీ. లెక్చరర్ అయ్యాక తరగతిలో దాన్ని తేల్చుకోవాల్సింది అదే.

తరగతి అంటే గుర్తొచ్చింది. మన ఇంటర్ బోటనీలో చాలా ఏళ్లుగా ఫాబేసీ (చిక్కుడు కుటుంబం), సొలనేసీ, లిలియేసీ కుటుంబాలు చెబుతూ వచ్చారు. ఫాబేసీ అయిన మర్నాడు ఒక్క పీరియడ్ మునగకి ఇవ్వమని నా కోరిక. సిలబస్ మార్చక్కర్లేదు, ప్రాక్టికల్స్ గంట చాలు. పువ్వు ఏ వీధిలోనైనా దొరుకుతుంది, ఖర్చు లేదు. చిక్కుడు పువ్వూ మునగ పువ్వూ పక్కపక్కన విప్పించి కేసరాలు లెక్కపెట్టించాలి. ఎండు కాయలు రెండూ విరిపించి డొప్పలు లెక్కపెట్టించాలి. తర్వాత బొప్పాయి గింజా ఆవగింజా కొరికించాలి. అప్పుడు బోర్డు మీద కుటుంబం మొరింగేసీ, క్రమం బ్రాసికేలిస్ అని రాస్తే, ఎందుకలా రాశారని అడిగే పిల్లలు తరగతికి ఇద్దరైనా ఉంటారు.